యర్రమ్మ విప్పిన ముడులు

మణికుమార్ వేసుకున్న ప్లానులో చిక్కేమీ లేదు. భార్య ధరణికి నొప్పులు మొదలవగానే అద్దె జీపు నడిపే ఉమేష్ రావాలి, అండమాన్‌లోని తమ ఊరు వండూర్‌లో ఎక్కి పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో దిగాలి, అంతే. తొలి కాన్పు, పైగా బిడ్డ కాస్త పెద్దగా ఉంది, నొప్పి తెలియగానే ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి అతనికి నిద్ర లేదు. జెట్టీలో టూరిస్టులకు బోటు టిక్కెట్లు ఇస్తున్నా చెవి మాత్రం ఫోను మీదే.

అతని తల్లి యర్రమ్మకు ఈ ఆస్పత్రి గొడవే గిట్టదు. తన నలుగురు పిల్లలనూ ఆమె ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా కన్నది. ఆ నాలుగు కాన్పుల కథా తొమ్మిది నెలలుగా ఇంటిల్లిపాదికీ వినిపిస్తూనే ఉంది. "ఆస్పత్రికెల్తే కత్తి తియ్యకుండా వదుల్తారేటి?" అనేది.

ధరణి నవ్వేది. "అత్తా, నాకు కత్తీ వద్దు, ఇల్లూ వద్దు. ఆస్పత్రిలోనే కంటాను, మామూలుగానే కంటాను."

ఆ పొద్దున ధరణి నడుం పట్టుకుని, "బావా, మొదలైంది" అంది. మణికుమార్ ఉమేష్‌కి ఫోను కొట్టాడు, సంచీ భుజాన తగిలించుకున్నాడు. గుమ్మంలో యర్రమ్మ అడ్డంగా నిలబడింది.

"ముడులు ఇప్పకుండా గడప దాటించేస్తావేట్రా?"

"ఏం ముడులమ్మా?"

"ఇంట్లో ఒక్క ముడున్నా, ఒక్క తాళం ఏసున్నా కాన్పు కష్టమవుద్ది. మా అమ్మ సెప్పింది, మా మంత్రసానీ సెప్పింది. నేను ఆస్పత్రికి ఒప్పుకున్నానా లేదా? మీరు దీనికి ఒప్పుకోండి."

"ఒప్పేసుకో బావా, వాదిస్తే ఇంకా లేటు" అంది ధరణి.

ఇక చూడాలి యర్రమ్మ హడావిడి! బీరువా తాళం తీసింది, పెట్టెల తాళాలు తీసింది. దోమతెర తాళ్లు లాగేసింది. బట్టల దండెం విప్పితే ఉతికిన బట్టలన్నీ బురదపాలయ్యాయి. కొడుకు లుంగీ ముడి వైపు చూసేసరికి అతను పరుగున వెళ్లి ప్యాంటు తొడుక్కొచ్చాడు. అక్కడితో ఆగితే ఆవిడ యర్రమ్మ ఎందుకవుతుంది? పెరట్లో మేకల్ని విప్పింది. ఇంటి వెనక సముద్రపు పాయలో కట్టేసిన పడవనూ, లోపలికి తొంగి చూడకుండానే, విప్పేసింది. ఈలోగా జీపొచ్చింది. ఉమేష్ టీ తాగుతుంటే యర్రమ్మ జీపు చుట్టూ ప్రదక్షిణం చేసి, అడుగున తీగతో ఏదో కట్టి ఉంటే ఆ తీగా విప్పి, తృప్తిగా ఎక్కి కూర్చుంది.

జీపు మలుపు తిరిగిందో లేదో, మేకలన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. హారన్ కొడితే కదల్లేదు. మణికుమార్ దిగి ఒక్కొక్కదాన్నీ నెడుతూ, "హటో తల్లీ, జల్దీ హటో!" అని బతిమాలుతుంటే ఫోను మోగింది. అవతల తండ్రి గవరయ్య.

"ఒరే, పడవలో కాస్త కునుకు తీశాను. లేచి సూస్తే ఒడ్డు లేదు!"

"అమ్మ విప్పేసింది నాన్నా."

"నన్నెందుకిప్పింది? నాకేటి పురుడా?"

యర్రమ్మ ఫోను లాక్కుంది. "తెడ్డుంది కదా, ఎయ్యి. ఒడ్డుకొచ్చినా కట్టకు, బిడ్డ పుట్టేదాకా తాడు సేత్తో పట్టుకు కూకో!"

ధరణి నొప్పిలోనూ నవ్వాపుకోలేకపోయింది. కానీ నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి, ఆస్పత్రేమో ఇంకా దూరం. మణికుమార్‌కి ఏడుపొక్కటే తక్కువ.

దారిలో సిప్పీఘాట్ దగ్గర జీపు కింద ఢామ్మని చప్పుడైంది. వెనక్కి చూస్తే సైలెన్సర్ రోడ్డు మీద దొర్లుతోంది.

"అరే భయ్యా, తీగతో పక్కాగా కట్టాను!" అని ఉమేష్ లబోదిబోమన్నాడు. యర్రమ్మ కిటికీలోంచి కొబ్బరిచెట్లను చాలా శ్రద్ధగా చూస్తోంది.

సైలెన్సర్ లేకుండానే సాగిన జీపు మోతకు ముందున్న బస్సులూ లారీలూ ఏం మీదకొస్తోందోనని హడలిపోయి పక్కకు తప్పుకున్నాయి. రోజూ ఇరుక్కుపోయే దారిలో ఆరోజు జీపు ఎక్కడా ఆగలేదు.

ఆస్పత్రిలో కాన్పుల నర్సు పద్మిని ధరణిని పరీక్షించింది. "అంతా బాగుంది. పడుకోవద్దమ్మా, నాతో నడు. నొప్పొస్తే నా భుజం పట్టుకో" అంది. తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చనీ చెప్పింది. యర్రమ్మ కొడుకు వైపు గర్వంగా ఒక చూపు విసిరి లోపలికెళ్లింది.

కాసేపటికి లోపల్నుంచి కేకలు. మణికుమార్ తలుపు దగ్గరికి పరుగెత్తాడు. తీరా వింటే అవి ధరణివి కావు.

"ఓలమ్మో, పిల్ల తట్టుకోలేకపోతంది! కోసెయ్యండి! డాక్టరమ్మని పిలవండి, కత్తి తియ్యమనండి!"

"అక్కర్లేదమ్మా, మామూలు నొప్పులే."

"నీకేటి తెలుసు? నలుగుర్ని కన్నదాన్ని! మత్తు సూదేనా పొడవండి!"

"అత్తా," ధరణి పంటి బిగువున అంది, "నువ్వు కాసేపు బయట కూర్చో."

పద్మిని ఆమెను తీసుకొచ్చి బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. యర్రమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "కనడం తేలికరా. సూడ్డవే కష్టం." ఆ మాటతో మణికుమార్‌కి తల్లి మీద కోపమంతా పోయింది. ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరకు తీసుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే లోపల సన్నటి ఏడుపు, ఆ వెంటే ధరణి నవ్వు వినిపించాయి. ఆడపిల్ల! బొద్దుగా, కత్తి పడకుండానే పుట్టింది. మణికుమార్ సిగ్గు లేకుండా ఏడ్చి, తండ్రికి ఫోను చేసి, "మనవరాలు నాన్నా! ఇక పడవ కట్టేసుకో" అన్నాడు.

సాయంత్రం చూడవచ్చిన చుట్టాల మధ్య యర్రమ్మ మనవరాల్ని ఒళ్లో పెట్టుకుంది. "ఈ కాలం పిల్లలకి బయ్యం ఎక్కువ. కత్తి వద్దంటే వద్దని నేనే గట్టిగా నిలబడ్డాను కాబట్టి సరిపోయింది" అంది.

పక్కనే టీ తాగుతున్న పద్మినికి పొలమారింది.