పాలలో వేసిన చీమ

ముత్తుకూరు ఎండురొయ్యల వ్యాపారి సిలార్ ఆ ఉదయం మొదటి బస్సుకు నెల్లూరు పోవాలనుకున్నాడు. అంతలో భార్య జాన్‌బీ మూలుగు వినిపించింది. ఎడమ రొమ్ము ఎర్రగా వాచింది, ఒళ్ళు కాలిపోతోంది. ఒళ్ళో నెలన్నర బిడ్డ ఆకలికి ఏడుస్తున్నాడు.

"ఆ పాలు చెడిపోయుంటాయి. బిడ్డకి ఇయ్యబాక," అంది అత్త సుల్తాన్‌బీ.

బస్తా అడుగు నుంచి గుప్పెడు తీసి చూడందే సరుకు కొనని సిలార్, తల్లి మాటైనా ఊరికే నమ్మడు. గిన్నెలోకి నాలుగు చుక్కలు పిండించి, గోడ మీది చీమనొకదాన్ని పట్టి అందులో వేశాడు. పాలు మంచివైతే చీమ బతకాలని పెద్దల లెక్క. చీమ రెండుసార్లు కాళ్ళు కొట్టుకుని చచ్చింది.

"చూసినావా? విషం!" అన్నాడు సిలార్.

"దానికి ఈత రాదేమో," అంది జాన్‌బీ. జ్వరమొచ్చిన మనిషి మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పాలమ్మే వెంకయ్య ఇంటి ఆవుపాలు తెచ్చి పట్టారు. పోసినవన్నీ బిడ్డ ఉమ్మేశాడు. వెంకయ్య నీళ్ళు కలిపాడని సిలార్‌కు అనుమానం. పోయి పొదుగు దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు పిండు, నేను చూస్తా."

కొత్త మనిషి ఊపిరి తగిలేసరికి ఆవు తన్నింది. చెంబు ఒకవైపు పడింది, వెంకయ్య ఒకవైపు.

"నీ అనుమానం పాడుగాను! వాడికె ఇళ్ళకి పోయాల్సిన పాలన్నీ నేలపాలు చేసినావు గదయ్యా!" అంటూ వెంకయ్య కుంటుకుంటూ అతని వెంటపడి ఇంటిదాకా వచ్చాడు.

ఇంట్లో నష్టం అంతకన్నా పెద్దది. బిడ్డ తాగక పాలు నిలవై రొమ్ము రాయిలా గట్టిపడింది. జ్వరం పెరిగింది. భయపడి సుల్తాన్‌బీ ముసలి నర్సు మగ్దలీనమ్మను పిలిపించింది.

"పాలెవరు మాన్పించింది?"

"చీమ చచ్చిందమ్మా," అన్నాడు సిలార్.

ఆమె గ్లాసుడు మంచినీళ్ళు తెప్పించి ఇంకో చీమను వేసింది. అదీ చచ్చింది.

"రేపట్నించి నీళ్ళు గూడా మానెయ్ నాయనా."

"అసలు నువ్వు నర్సువేనా?"

"నిన్ను ఈ లోకంలోకి లాగింది నేనే. ఆనాడు అడగలేదే?" అంటూ ఆమె వేడి గుడ్డతో కాపడం పెట్టి, బిడ్డను ఆ రొమ్ముకే పట్టింది. "నిలవుంటేనే గడ్డ కట్టేది. బిడ్డ తాగితేనే తగ్గేది. వాడికేం కాదు. డాక్టరు గారి సూదులు ఏయించుకుంటా గూడా ఇయ్యొచ్చు."

జాన్‌బీ పళ్ళు బిగించింది. బిడ్డ గుటకలు వేశాడు. కాసేపటికి రొమ్ము మెత్తబడింది. రెండు రోజుల సూదులతో జ్వరం దిగింది. విషమని పక్కనపెట్టిన సరుకే వైద్యమైంది.

కడుపు నిండిన బిడ్డ హాయిగా నిద్రపోయాడు. ఇంతసేపు ఏడవడం లేదేమిటని సిలార్ ఉయ్యాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.