మరకల మీద సర్వహక్కులు

మానవజాతి సొంతంగా ఆలోచించడం మొదలుపెట్టిన రోజునే పక్కవాడి ఆలోచన చూసి రాసుకోవడం కూడా మొదలుపెట్టిందని, రెండింటిలో బాగా అభివృద్ధి చెందింది ఆ రెండోదేనని నేను పూర్తి బాధ్యతతో ప్రకటిస్తున్నాను. (ఈ వాక్యం నా సొంతం. అనుమతి లేకుండా వాడుకోరాదు.)

ఇంత గట్టిగా చెప్పే అర్హత నాకెక్కడిదంటే, నేనొక వెబ్‌సైటు యజమానిని. బట్టల మీది మరకలు వదిలించే పద్ధతుల గురించి తొమ్మిదేళ్లుగా అందులో రాస్తున్నాను. సిరా, తుప్పు, టీ, రక్తం, గ్రీజు, మొత్తం రెండు వందల పన్నెండు వ్యాసాలు. రోజుకు నాలుగొందల మంది చదువుతారు. (అందులో వంద మంది నేనేనని నా భార్య అంటుంది. అది అతిశయోక్తి. ముప్పై దాటదు.) ప్రతి వ్యాసమూ "నమస్కారం మరక బాధితులారా" అని మొదలై, "సర్వహక్కులూ రచయితవే, కాపీ కొట్టడం నేరం" అని ముగుస్తుంది.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరబోతుంటే జేబులో పెన్ను కారింది. ఏం చేయాలో తోచక నెట్‌లో వెతికాను. (తాను రాసింది రచయిత గుర్తుంచుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు.) మొదట ఏదో కొత్త సైటు వచ్చింది. అందులో చెప్పినట్టే చేశాను. మరక పోయింది. ఇంత చక్కగా రాసిన మహానుభావుడికి కృతజ్ఞతలు తెలుపుదామని పేజీ పైకి వెళ్లి చూస్తే, "నమస్కారం మరక బాధితులారా" అని ఉంది. రెండు వందల పన్నెండు వ్యాసాలూ ఉన్నాయి. నా అచ్చుతప్పులు కూడా ఎక్కడివక్కడ క్షేమంగా ఉన్నాయి.

ఇలాంటి అన్యాయాలను అరికట్టడానికే అంతర్జాల స్వీయరచనా పరిరక్షణ విభాగం అని ఒకటి వెలసింది. అందులో మూడో అంతస్తులో ఒక కిటికీ, కిటికీ వెనక ఒక గుమస్తా ఉంటాడు.

"మీ రచన కాపీ కొట్టారా? అయితే మూడు కాపీలు తీసుకురండి" అన్నాడు గుమస్తా.

తెచ్చాను. తర్వాత ప్రమాణపత్రం ఇచ్చాడు. "పై రచన పూర్తిగా నా సొంతమని, ఎవరినీ చూసి రాయలేదని" ప్రమాణం చేయాలి. గోడకు అంటించిన నమూనాను చూసి, యథాతథంగా, స్వహస్తాలతో రాయాలి. నేను రాసింది తిరిగిచ్చేశాడు.

"ఇక్కడ 'నిజంగా' అని ఒక మాట ఎక్కువుంది. నమూనాలో లేదు."

"బలంగా ఉంటుందని వేశానండీ."

"సొంత మాటలు పెట్టకూడదు సార్. ఇది సొంత రచన అని చెప్పే పత్రం."

రెండోసారి చూసి రాశాను. చివరిగా ఒక సాక్షి సంతకం కావాలన్నాడు. రచన జరుగుతున్నప్పుడు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ అక్కడున్న వ్యక్తి అయి ఉండాలట. నా భార్యను అడిగాను. "మీరు రాసేటప్పుడల్లా నేను గిన్నెలు తోముతూ ఉన్నాను. కావాలంటే గిన్నెల గురించి సాక్ష్యం చెప్తాను" అంది.

మిగిలింది మా అక్క. అక్కకు బస్టాండు వెనక లాండ్రీ కొట్టుంది. ముప్పై ఏళ్లుగా అందరి మరకలూ చూస్తోంది. తమ్ముడికి ఏదో సర్కారీ ఆఫీసులో ఇబ్బంది అనగానే, ఏమిటని కూడా అడగకుండా కొట్టు మూసి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చేసింది.

విచారణాధికారి నిదానస్తుడు. మా ఫైలు తెరిచి, కళ్లద్దాలు తుడుచుకుని, అక్కను అడిగాడు.

"ఈ వ్యాసాలు రాస్తున్నప్పుడు మీరున్నారామ్మా?"

"లేకుండా ఎలా సార్? చెప్పింది నేనేగా, ఫోన్లో."

నేను దగ్గాను. (దగ్గును నమోదు చేయనక్కర్లేదని తర్వాత తెలిసింది. అప్పటికే పక్కన కూర్చున్న గుమస్తా చేసేశాడు.)

అధికారి నలభై ఒకటో వ్యాసం తీసి పైకి చదివాడు. "రక్తం మరక మీద వేడినీళ్లు పోశారో, ఇక అది ఆ చొక్కాతో కాపురం పెట్టేస్తుంది."

అక్క పకపకా నవ్వింది. "నా మాటే సార్ అది! వీడు విని ఎంత నవ్వాడో. ఇంకోసారి చెప్పక్కా, ఇంకోసారి చెప్పక్కా అని మూడుసార్లు చెప్పించుకున్నాడు."

"రాసుకోవడానికి" అన్నాడు అధికారి.

"ఏంటి సార్?"

ఆయన ఓపిగ్గా వివరించాడు. రెండు వందల పన్నెండు వ్యాసాలు, తొమ్మిదేళ్లు, రచయిత పేరు ఫలానా. అక్క వింటూ ఆ కాపీలను ఒక్కొక్కటే తిప్పింది. ప్రతిదాని కిందా నా పేరుంది. ఆమె నావైపు తిరిగి, ఎన్ని చొక్కాలు తెచ్చారని కొట్టుకొచ్చినవాళ్లను అడిగినంత మామూలుగా అడిగింది.

"అంటే ప్రతి ఆదివారం నువ్వు ఫోన్ చేసేది నాతో మాట్లాడాలని కాదన్నమాట?"

నా దగ్గర జవాబుంది. కానీ అదైనా నా సొంతమో కాదో ఆ క్షణంలో తేల్చుకోలేకపోయాను. "ఫిర్యాదుదారు మౌనం వహించారు" అని గుమస్తా రాసుకున్నాడు.

"మీరు కావాలంటే వీరి మీద ఫిర్యాదు చేయొచ్చమ్మా. అవతలి సైటు మీద కూడా చేయొచ్చు. మూడు కాపీలు ఇస్తే చాలు" అన్నాడు అధికారి.

"ఎందుకు సార్? చదివినవాళ్ల బట్టలు బాగుపడ్డాయిగా" అంది అక్క. లేచి చేతిసంచి తీసుకుంది. "నా పిల్లలకు ఒంట్లో బాగాలేనప్పుడు కూడా వీడు టీ మరక గురించే అడిగాడు. నా మనసు పని మీదికి మళ్లించడానికి అడుగుతున్నాడేమో అనుకున్నాను." ఇది నాతో కాదు, గుమస్తాతో అంది. అతను రాయడం ఆపేశాడు.

ఆమె వెళ్లాక చట్టం తన పని తాను చేసింది. అధికారి ఎర్రపెన్ను తీసి, వ్యాసాల్లో అక్క చెప్పిన వాక్యాలన్నీ కొట్టేస్తూ పోయాడు. సాయంత్రానికి నా స్వీయరచన నికరంగా తేలింది. రెండు వాక్యాలు. "నమస్కారం మరక బాధితులారా" ఒకటి. "సర్వహక్కులూ రచయితవే, కాపీ కొట్టడం నేరం" రెండోది. వీటిపై నాకు జీవితకాల హక్కులున్నాయని ముద్ర వేసి ధ్రువపత్రం ఇచ్చారు. ఆ సైటువాడికి నోటీసు పంపారు.

అతను చట్టాన్ని గౌరవించే మనిషి. నోటీసు అందిన గంటలోనే రెండు వాక్యాలూ అన్ని పేజీల నుంచీ తీసేశాడు. ఇప్పుడు సూటిగా విషయంలోకి వస్తున్నారని పాఠకులు అతన్ని మెచ్చుకుంటున్నారు.

నేను నా సైటు మూసేశాను. ఆదివారం వచ్చింది. పది గంటలకు అక్కకు ఫోన్ చేశాను.

"చెప్పు, ఏం మరక?" అంది.

"మరకేం లేదక్కా. ఊరికే చేశాను."

అటునుంచి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత అక్క మెల్లగా అడిగింది.

"ఇంకేమైనా సంతకం కావాలేంట్రా?"