సీటు తిప్పిన బండి

మా ఊరి బగ్గీ సంఘం ఘనవిజయం సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రాళ్ళలో, గుట్టల్లో ముందుకు దూసుకుపోవాల్సిన నాలుగు చక్రాల మోటారు బండిని వెనక్కి మాత్రమే నడిచేలా తయారుచేసి, అది ముందుకే పోతోందని ఊరినంతా ఒప్పించింది. ఈ కీర్తిలో మా కుటుంబానికీ వాటా ఉంది. ఇంజను మా అక్కది.

అక్క నర్సు. ఇల్లు ఊరికి ఈ చివర, ఆసుపత్రి ఆ చివర. ఆ దూరానికి ఆమెకు ఉన్నది ఒక పాత మోటారుసైకిలు. బావకు వెల్డింగు షెడ్డుతోపాటు సంఘంలో కార్యదర్శి పదవి కూడా ఉంది. ఒకరోజు అక్క డ్యూటీ నుంచి వచ్చి కాసేపు నడుం వాల్చి లేచేసరికి, బండికి చక్రాలున్నాయి, ట్యాంకుంది, అద్దాలు కూడా ఉన్నాయి. మధ్యలో ఇంజను ఉండాల్సిన చోట అవతలి గోడ కనిపిస్తోంది.

"ఏమండీ! నా బండికేమైంది?"

"ఏమీ కాలేదే. ఇక్కడే ఉందిగా! ఇంజనొక్కటే కాస్త పక్కకు జరిగింది. ట్రయలు చూసుకుని పెట్టేస్తాలే."

"ఆ పక్కన మీ బండి లేదూ? దాన్ని విప్పుకోవచ్చుగా!"

బావ చాలా నొచ్చుకున్నాడు. ఆయన బండి కొత్తది. దానిమీద పానా పడితే ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంది. పైగా బగ్గీకి బోల్టులు తేవాలన్నా, సంఘం సమావేశాలకు పోవాలన్నా ఆ బండే దిక్కు. అక్కకు బస్సు ఉండనే ఉంది. అది తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుందన్నది వేరే సంగతి. ఆలస్యాలు మొదలయ్యాయి. "ఇంకొక్కసారి లేటయితే ఇక రానక్కర్లేదమ్మా," అని ఆసుపత్రిలో పెద్ద సిస్టరు మర్యాదగానే చెప్పింది.

ఇక్కడ షెడ్డులో పని జోరుగా సాగింది. గొట్టాల చట్రంలో ఇంజను నేరుగా పట్టలేదు కాబట్టి, అటుది ఇటు తిప్పి బిగించారు. చైను చక్కగా కుదిరింది. అందరూ చేతులు తుడుచుకున్నారు. ప్రారంభోత్సవం నాడు బావ మొదటి గేరు వేయగానే బగ్గీ వెనక్కి వెళ్ళి, అధ్యక్షులవారి కుర్చీని నలిపేసింది. అదృష్టవశాత్తూ వారు అప్పటికి మైకు దగ్గరే ఉన్నారు. మైకు దగ్గర లేని సమయం వారికి తక్కువ. రెండో గేరు వేస్తే ఇంకా వేగంగా వెనక్కి వెళ్ళింది. మోటారుసైకిలు ఇంజనుకు రివర్సు గేరు ఉండదు. మావాళ్ళు దానికి ఉన్న గేర్లన్నీ రివర్సు గేర్లే చేశారు.

ఇంజను విప్పి మళ్ళీ తిప్పితే సరిపోతుందని నేను నోరు జారాను. ఇంజను తిప్పితే తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుచేత సీటు తిప్పారు. స్టీరింగు, దీపాలు కూడా సీటు వెంట నడిచాయి. ఇప్పుడు ఇంజను డ్రైవరు ముందుకొచ్చింది. పెద్ద పెద్ద కార్లలో కూడా ఇంజను ముందే ఉంటుందని గుర్తుచేసి, ఆ స్థాయిని అందుకున్నందుకు ఒకరినొకరు అభినందించుకున్నారు. సైలెన్సరు పొగ సరిగ్గా మొహానికే వస్తుంది. చలికాలంలో హాయిగా ఉంటుందట. ఎడమకు తిప్పితే కుడికి పోతుంది కాబట్టి, సభ్యులు ఎడమకు వెళ్ళదలచినప్పుడు కుడికి తిప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇంత చేశాక ఇంజను ఇచ్చినవారిని సత్కరించకపోతే ఏం బాగుంటుంది? డ్యూటీకి బయల్దేరుతున్న అక్కను ఆ బట్టలతోనే వేదిక ఎక్కించారు.

"ఈ సోదరి ఇచ్చింది ఇంజను కాదు, తన గుండెకాయ!" అని అధ్యక్షులవారు గర్జించారు. "నవ్వుతూ ఇచ్చింది! అడగకుండానే ఇచ్చింది!"

అడగని మాట నిజమే. అక్క చూపు గోడ గడియారం మీదే ఉంది. లేవబోయినప్పుడల్లా "ఒక్క ఫొటో అమ్మా," అని కూర్చోబెట్టారు. ఉపాధ్యక్షులు మాట్లాడారు, కోశాధికారి మాట్లాడాడు, బావ కళ్ళొత్తుకుంటూ మాట్లాడాడు. చివరికి అక్క చేతికి మైకు ఇచ్చారు.

"నాకు డ్యూటీకి టైమైపోయింది. నా ఇంజను నాకిచ్చేయండి," అంది.

సభ నవ్వుల్లో మునిగిపోయింది. ఆమె చమత్కారానికి చప్పట్లు ఆగలేదు. "మీ అక్కయ్యకు ఇంత హాస్యం ఉందని తెలియదోయ్ బావమరిదీ," అని బావ నా వీపు తట్టాడు. అక్క నవ్వలేదు. మైకు బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని, దాదాపు పరుగెత్తుతూ వెళ్ళింది.

వెళ్ళినంత వేగంగానే తిరిగి వచ్చింది. పెద్ద సిస్టరు మాట తప్పే మనిషి కాదు.

సంఘం వెంటనే సమావేశమై ప్రగాఢ సానుభూతి తెలిపింది. ఉద్యోగమే లేనప్పుడు ఆమెకిక బండితో పనిలేదు కాబట్టి, ఇంజను సమస్య దానంతటదే పరిష్కారమైందని సంతృప్తి వ్యక్తం చేసింది. అక్క ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. సాయంత్రాలు ఆ బోలు బండిని గుడ్డతో తుడుస్తుంది.

రెండో బగ్గీకి ఇంజను కావాలని నిన్న సభలో ప్రకటించారు. మా ఊరివాళ్ళ ఉదారత చూసి తీరాలి. ముందు వరస నుంచి వెనక వరస దాకా చేతులు లేచాయి. ఒకాయన వాళ్ళావిడ బండి ఇస్తానన్నాడు. ఇంకొకాయన చెల్లెలి బండి, మరొకాయన కోడలి బండి. తన బండి ఇస్తానన్నవాడు ఒక్కడూ లేడు.

సభ అయ్యాక అందరూ బయట నిలబెట్టిన తమ తమ బండ్లెక్కి ఇళ్ళకు వెళ్ళారు. ఇక వరసగా బగ్గీలే కడతారు కాబట్టి ఇంజన్లు ఇంకా చాలలేదట. మీరేం తొందరపడకండి. మీ ఇంట్లో ఎవరి బండి పేరు చెప్పాలో మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది.