నడుము దగ్గర వదులు

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది: పొరపాటు లేకుండా కొలతలు తీసుకోవడం. చర్మవ్యాధుల ఆసుపత్రి పెద్ద డాక్టరు తెల్లకోటుకు కొలతలివ్వడానికి ఇంటికే వస్తున్నాడు. కోటు నచ్చితే ఆసుపత్రి కోట్లన్నీ ఇతనికే. నచ్చకపోతే మిషను అమ్ముకుని కొట్టు మూసుకోవడమే. నడుము బిగుతైందని ఆ డాక్టరు ఇప్పటికే ఇద్దరు దర్జీల కోట్లు తిప్పి పంపాడట.

టేపు మెడలో వేసుకుంటుండగా, ఎప్పుడో పోయిందనుకున్న తామర నడుము దగ్గర మళ్ళీ దురద పెట్టింది. దురద తగ్గినా నెలపాటు రాయమని మందులషాపతను అప్పట్లో మొత్తుకున్నాడు. కానీ తగ్గాక కూడా మందు రాయడమంటే కడుపు నిండాక మళ్ళీ వడ్డించుకోవడమేనని ఆ ఇంటి నమ్మకం. అందుకే దర్జీ తనకు తగ్గగానే ట్యూబు భార్యకిచ్చాడు. ఆవిడ తనకు తగ్గగానే తల్లికిచ్చింది. అత్తగారు తనకు తగ్గగానే కొడుక్కిచ్చింది. తువ్వాలు మాత్రం నలుగురికీ ఒక్కటే. ఇప్పుడు బావమరిది ట్యూబును మెలిపెట్టి పిండితే గాలి వచ్చింది. దురద నలుగురికీ వచ్చింది.

సరిగ్గా అప్పుడే డాక్టరూ వచ్చాడు.

టేపు పట్టుకోవడానికి రెండు చేతులు కావాలి. గోక్కోవడానికి కనీసం ఒకటి కావాలి. దర్జీ ఛాతీ కొలుస్తూ నడుమును బల్ల అంచుకేసి రుద్దుకునేసరికి టేపు జారి, డాక్టరుగారి ఛాతీ పసిపిల్లాడి కొలతకు దిగింది. కొలతలు రాసుకోవాల్సిన భార్య పెన్సిలుతో వీపు గోక్కుంటోంది. బావమరిది గుమ్మానికి ఆనుకుని ఎలుగుబంటిలా పైకీ కిందికీ కదులుతున్నాడు.

"ఏమిటిది?" అన్నాడు డాక్టరు.

"కొత్త గుడ్డండీ. నూగు రేగి ఒంటికి గుచ్చుకుంటోంది," అన్నాడు దర్జీ చెమటలు కక్కుతూ.

అత్తగారికి అబద్ధం గిట్టదు. "నూగూ లేదు గీగూ లేదు బాబూ, తామర. మేం మందు వృథా చెయ్యం. దురద తగ్గగానే ఆపేసి పక్కవాళ్ళకిచ్చేస్తాం," అని గొప్పగా చెప్పింది.

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "తగ్గింది దురదమ్మా, ఫంగస్ కాదు. సగం మందుకు బలహీనమైనవి చస్తాయి. తట్టుకున్నవి మిగిలి, మళ్ళీ పెరుగుతాయి. ఆ మందుకు లొంగనివాటిని మీరే ఏరి, పెంచి, తువ్వాలుతో ఇంటిల్లిపాదికీ పంచారు." ఇక వేరే మందు వాడాలనీ, అందరూ ఒక్కసారే మొదలుపెట్టి తను ఆపమనేదాకా ఆపకూడదనీ చెప్పాడు.

ఇంత జరిగాక ఏ చర్మం డాక్టరు ఈ ఇంట్లో కోటు కుట్టించుకుంటాడు? దర్జీ చివరి చూపన్నట్టు మిషను వైపు చూశాడు. భార్య కళ్ళు తుడుచుకుని, పనిలో పనిగా మెడ గోక్కుంది.

డాక్టరు మాత్రం లేవలేదు. బావమరిదితో తలుపు వేయించి, గొంతు తగ్గించాడు.

"నేనూ మధ్యలోనే ఆపేశానయ్యా," అంటూ చొక్కా పైకెత్తాడు. నడుము చుట్టూ ఎర్రటి చక్రాలు. ఆసుపత్రిలో కొలతలిస్తే తోటి డాక్టర్లు చూస్తారనే ఇంటికొచ్చాడట. "నడుము దగ్గర వదులుగా కుట్టు. లోపలికి చెయ్యి దూరాలి."

దర్జీ అలాగే కుట్టాడు. కోటు చూసిన తోటి డాక్టర్లంతా ముచ్చటపడ్డారు, ఆసుపత్రి ఆర్డరు మొత్తం వచ్చేసింది. కొలతలు ఎవరివి వాళ్ళవే గానీ, నడుము మాత్రం అందరికీ వదులుగా ఉండాలట.