మూలవాసుల సంఘం వెనక గది

ప్రతి నెలా మొదటి ఆదివారం మూలవాసుల హక్కుల సాధన సంఘం తన సొంత భవనంలో సమావేశమై, ఆ భవనం తనది కాదని ఒప్పుకుంటుంది. "ఈ నేల మూలవాసులది. మనం అతిథులం మాత్రమే" అని కార్యదర్శి గద్గద స్వరంతో చదువుతారు. సభ్యులు ఒక నిమిషం తలలు వంచి నిలబడతారు. తర్వాత ఫ్యాన్లు వేసుకుని కూర్చుంటారు.

ఈ నెల ఆ మాటలు వినడానికి సాక్షాత్తూ ఒక మూలవాసి రావడం సంఘ చరిత్రలోనే మొదటిసారి. ఆవిడ కొండవాలున బుట్టలు అల్లుకునే పెద్దమ్మ. కొత్త రోడ్డుకు అడ్డమని గురువారం ఆవిడ ఇల్లు పడగొట్టేశారు. కోడలినీ, దగ్గుతున్న మనవరాలినీ వరండాలో మూటల పక్కన కూర్చోబెట్టి లోపలికి వచ్చింది. బయట మబ్బు కమ్ముకొస్తోంది.

ఇల్లు కూల్చడాన్ని సంఘం తీవ్రంగా ఖండించింది. ఆ తీవ్రత చాలదని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పగా, మరింత తీవ్రంగా మరోసారి ఖండించింది. "కూలినవి గోడలు కావు, మన గుండెలు!" అన్నారు అధ్యక్షులవారు. కూలినవి గోడలేనని పెద్దమ్మకు గట్టి నమ్మకం. చప్పట్లు ఆగేదాకా ఓపికపట్టి అడిగింది.

"అయ్యా, వానలు తగ్గేదాకా ఆ వెనక గదిలో తలదాచుకుంటాం."

"అందులో బ్యానర్లున్నాయమ్మా" అన్నారు కార్యదర్శి కంగారుగా. "మీ భూమి హక్కులవే."

"ఓ మూలకి సర్దుకుంటాలే నాయనా. ఇదంతా మాదని ఇందాక మీరే అన్నారుగా?"

"అది... మనసులో ఉండాల్సిన మాటమ్మా."

"మరి పైకెందుకన్నారు?"

ఈ ప్రశ్నను పరిశీలించడానికి ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. నివేదికకు ఆరు వారాలు గడువిచ్చారు. వాన మాత్రం ఆరు నిమిషాల్లో వచ్చేసింది. మనవరాలి దగ్గు ఎక్కువైంది. పెద్దమ్మ ఇక ఎవరినీ అడగలేదు. వెనక గది గడియ తీసి, బ్యానర్లు జాగ్రత్తగా మడిచి అటక మీద పెట్టి, పిల్లను పొడినేల మీద పడుకోబెట్టింది.

సంఘం తల్లడిల్లిపోయింది. గది పోయినందుకు కాదు, పద్ధతి తప్పినందుకని అధ్యక్షులవారు మరీ మరీ చెప్పారు. మా స్థలాన్ని ఎవరో ఆక్రమించారంటూ, ఇల్లు కూల్చిన అధికారికే అర్జీ రాశారు.

పన్నెండేళ్లుగా సంఘం పంపిన అర్జీల్లో ఒక్కదానికీ ఆ ఆఫీసు నుంచి జవాబు రాలేదు. దీనికి మాత్రం, ఆదివారమని కూడా చూడకుండా, గంటలో మనుషులు వచ్చారు. పెద్దమ్మ మనవరాలిని కొంగుతో కప్పుకుని, కోడలితో కలిసి వానలోకి నడిచింది. అర్జీలతో పనులు కావని గొణుక్కునే మనం ఇకనైనా ఆ మాట మానుకోవాలి.