మెడికల్ బోర్డుకు మైదాకు

గోదావరిఖని వాసులకు తెలియజేయునది: మెడికల్ బోర్డు నన్ను సంపూర్ణ ఆరోగ్యవంతుడిగా నిర్ధారించింది. ఈ ఘోరానికి నేను తప్ప మరెవరూ బాధ్యులు కారు.

నా పేరు రఘుపతి. యాభై నాలుగేళ్లు. గనిలో ముప్పై ఏళ్లుగా బొగ్గు నింపుతున్నాను. కంపెనీ బోర్డు నన్ను పనికి అన్‌ఫిట్ చేస్తే నా ఉద్యోగం మా అబ్బాయి జైపాల్‌కు వస్తుంది. అందుకని ఈ 2009లో ఇంటిల్లిపాదీ నా అనారోగ్యం కోసం క్రమశిక్షణతో కృషి చేశారు. నడుము పట్టుకొని నడవడం, ఆగకుండా దగ్గడం నా కొడుకే నేర్పాడు. మా ఆవిడ పూలమ్మ ఒక్కటే షరతు పెట్టింది.

"బోర్డు అయ్యేదాక నెత్తికి రంగెయ్యకు. తెల్లగుంటెనే నమ్ముతరు."

రెండు నెలలు ఆ త్యాగం చేశాను. బోర్డుకు ముందురోజు పొద్దున కూరగాయల మార్కెట్లో నా ఈడుదే ఒకామె, "తాతా, జర జరుగు" అంది. నేరుగా ఇంటికొచ్చి జుట్టుకు పెట్టడానికి మైదాకు, అదే గోరింటాకు, నానబెట్టాను.

సాయంత్రం పూలమ్మ చూసి కూలబడింది. "ఏందయ్యా గిది? బోర్డుకు పోతున్నవా, పెండ్లికి పోతున్నవా?"

మర్నాడు బోర్డు ముందు చక్కగానే దగ్గాను. కానీ తల నెరిసిన డాక్టరు నా జుట్టు చూసి, "రంగేస్తారా?" అన్నాడు. ఆ మాట నేను సహించలేను.

"రంగు కాదు సార్, అంత ఆకు పసరే! ముందుగాల మైదాకు, ఉసిరి పొడి, గుంటగలగరాకు రసం. టీ డికాషన్ల కలిపి ఇనుప మూకుట్ల నానవెట్టాలె. అది కడిగినంక నీలి ఆకు పట్టియ్యాలె. ఒక్క మైదాకే అయితే ఎర్రగైతది."

"నీలి ఆకు ఎక్కడ దొరుకుతుంది?"

"గుట్ట మీద సార్. జల్ది ఎక్కితే అర్ధగంట."

"నూరేదెవరు?"

"నేనే. రోట్ల గంటసేపు నూరాలె. మిక్సీల ఏస్తే సారం పోతది."

ఎలా నూరాలో నడుం వంచి చూపించాను కూడా. దగ్గడం ఎప్పుడో మరిచిపోయాను. డాక్టరు ఆ తయారీ విధానాన్ని ఒక కాగితం మీద శ్రద్ధగా రాసుకున్నాడు. ఇంకో కాగితం మీద 'ఫిట్' అని రాశాడు.

సాయంత్రం పరామర్శకు జనం వచ్చారు. మా మేనత్త సమ్మవ్వ నా చెయ్యి పట్టుకుంది. అది గట్టిగా ఉండటం చూసి మరింత ఏడ్చింది. "గింత మంచిగున్నవేంది కొడుకా! పిలగాని బతుకేంగావాలె?"

జైపాల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. "బాపూ, నువ్వు సల్లగుండు" అన్నాడు. అప్పుడు నా గుండెలో నిజంగానే నొప్పి వచ్చింది. కానీ బోర్డు అయిపోయింది కదా!

వెనక వరుస క్వార్టర్‌లో మాత్రం పండగ. నాతోపాటు గనిలో పనిచేసే మొగిలి అదే రోజు అన్‌ఫిట్ అయ్యాడు. అతని ఊపిరితిత్తులు నిజంగానే పాడయ్యాయి. అతని కొడుకు వాడకట్టంతా లడ్డూలు పంచాడు. మొగిలి ఒక ముక్క కొరికి, మింగలేక, దగ్గుతూ దగ్గుతూ అరుగు మీద ఒరిగి రొప్పాడు. మేమంతా చుట్టూ నిలబడి, లడ్డూలు నములుతూ, "అదృష్టమంటె నీదే మొగిలన్నా" అన్నాం.

అందరికన్నా గట్టిగా అన్నది నేనే.