రావమ్మ గారిని పొగిడిన పాట

ఆ రోజు గోపి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే మామ్మ పాటని వాట్సాప్‌లో పెట్టాలి. సాయంత్రం బందరులో జరిగే జానపద పాటల పోటీలో దాన్నే డప్పూ కీబోర్డూ కలిపి వినిపించి, కొత్తగా పెట్టిన తన స్టూడియోకి పేరు తెచ్చుకోవాలి.

మామ్మ అంటే కోటమ్మ. హంసలదీవిలో ఆవిడ నేస్తాల పాట ఎత్తుకుంటే వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా పని ఆపి వింటారు. చిక్కేమిటంటే, ఆ పాట నిండా తిట్లే. "గంజిలో ఉప్పెయ్యని పిసినారి రావమ్మో, నా రేగుపళ్ళు కాజేసిన దొంగమొహం రావమ్మో" అంటూ చిన్ననాటి నేస్తాన్ని ఏకిపారేస్తుంది. ఆ రావమ్మ గారేమో ఇప్పుడు గుడివాడలో కొడుకు గిరీష్ దగ్గర దర్జాగా ఉంటోంది. పెద్దమనుషుల ముందు ఇవేం మాటలని గోపికి సిగ్గేసింది. పోయినేడు మామ్మ ఎవరి గురించో పాడిన మంచి చరణాలు ఫోన్లో దొరికాయి. "వెన్నెలంటి మనసు నీది, నీలాంటి నేస్తం నాకింకెక్కడ" అని ఎంతో ముద్దుగా ఉన్నాయి. అందులో పేరు కత్తిరించి రావమ్మని అతికించాడు. మామ్మనో మాట అడుగుదామన్న ఆలోచనే రాలేదు మహానుభావుడికి!

టిఫిను తినేలోపే పాట దివిసీమంతా పాకింది. వెంటనే మామ్మ ఫోను, వెక్కిళ్ళతో.

"ఒరే గోపీ, మా రావమ్మ పోయిందంటరా! నేనే పాడానంట, ఎప్పుడు పాడానో నాకే గుర్తులేదు!"

"పోవడమేంటి మామ్మా? ఆవిణ్ణి పొగిడాంగా!"

"అదేరా సన్నాసీ! నేస్తాల పాటలో బతికున్న నేస్తాన్ని తిడతాం. పోయినోళ్ళనే పొగుడుతాం. నేను గుడివాడ వెళ్తున్నా."

గోపి గబగబా లేచాడు. గిరీష్‌కి ఫోన్ చేస్తే ఎంతసేపూ బిజీ. బండేసుకుని గుడివాడ చేరేసరికి ఆ ఇంటిముందు షామియానా లేచింది. దివిసీమ జనం దండలతో దిగారు. ఐసుపెట్టె తెచ్చినవాళ్ళు ఎక్కడ దించాలని అడుగుతుంటే, గిరీష్ దణ్ణాలు పెట్టి మరీ వెనక్కి పంపుతున్నాడు. రావమ్మ గారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని నిప్పులు చెరుగుతోంది.

"తప్పయిపోయిందండీ," అన్నాడు గోపి. " మీరు పోయారనుకుంటారని..."

"పోయాననుకుంటే అనుకోనీ, అదెలాగూ తప్పదు! కానీ కోటమ్మ నన్ను పొగుడుతుందా? నేను బతికుండగానే నన్ను వదిలేసుకుందా? దాన్ని నా గుమ్మం ఎక్కనివ్వను!" అంటూ ఆవిడ కళ్ళొత్తుకుంది. గోపికి తను ఏం పాడుచేశాడో అప్పుడు తెలిసింది.

అంతలో ఆటో దిగింది కోటమ్మ, గుండెలు బాదుకుంటూ. కుర్చీలో మనిషిని చూసి ఠక్కున ఆగింది.

"ఒసేయ్ పిసినారీ! బతికే ఉన్నావా? నా ఏడుపంతా దండగ చేశావు కదే!"

రావమ్మ గారి మొహం చేటంత అయింది. "రావే దొంగమొహమా! ఏడవడం కూడా చేతకాదు నీకు!"

ఇంక అడ్డేముంది? పాట అందుకున్నారు. దండలు తెచ్చినవాళ్ళు కాఫీలు తాగుతూ తాళం వేశారు. సాయంత్రం గిరీషే ఇద్దర్నీ కారులో బందరు తీసుకెళ్ళి స్టేజీ ఎక్కించాడు. తిట్టుకు తిట్టు, హాలంతా ఈలలు. డప్పూ లేదు, కీబోర్డూ లేదు, మొదటి బహుమతి మాత్రం వచ్చింది.

గోపి బుద్ధిగా ఫోను తీసి, ఆ పొగడ్త పాటని చెరిపేయబోయాడు.

"ఉంచవయ్యా," అంది రావమ్మ గారు. "ఎప్పటికైనా నాకు కావాల్సిందేగా. కాకపోతే రెండో చరణం మరీ పలచగా ఉంది. ఇంకాస్త పొగిడించు."

కోటమ్మ ససేమిరా అంది. అంతకంటే పొగిడితే జనం నమ్మరట.